రాలే పాయింట్లు, జారే టెండన్: ఒక ఎడమ మణికట్టు కేసు

ఈ కేసు రాయడానికి ఆ క్రీడాకారిణి, ఆమె తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా వయసు, నెలలు, ఇంటి వివరాలు కొంత మార్చాను. ఏ నిర్ణయం తరువాత ఏ నిర్ణయం తీసుకున్నామన్న వరస మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఈ కేసులో నేర్చుకోవలసినదంతా ఆ వరసలోనే ఉంది. మొదటి పొరపాటు నాది. దానిని దాచి రాసేటట్లయితే అసలు రాయనక్కరలేదు.

నేపథ్యం

నేను ఒడిశాలోని బరంపురంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది మగ్గం గుంటలో గంటల తరబడి కూర్చుని నడుము పట్టేసిన నేతగాళ్లు, పక్షవాతం తరువాత మళ్లీ నడక నేర్చుకుంటున్న పెద్దవాళ్లు, భుజం బిగుసుకుపోయిన షుగరు రోగులు; గంజాం, గజపతి జిల్లాల నుంచే కాక ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి కూడా రైలెక్కి వస్తారు. ఆటగాళ్లంటే ఈ ఊళ్లో ముందుగా గుర్తొచ్చేది బరువులెత్తేవాళ్లే. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన కాటులు రవికుమార్ ఇక్కడివాడు కావడంతో ఆ ఆట మీద కుర్రాళ్లకు మోజు ఎక్కువ, వాళ్ల నడుములూ మోకాళ్లూ నాకు బాగా అలవాటు. టెన్నిస్‌ను వృత్తిగా పెట్టుకున్నవాళ్లు మాత్రం ఇన్నేళ్లలో ఒక చేతి వేళ్లకు మించి రాలేదు. ఆ అనుభవం చాలకపోవడం కూడా నా పొరపాటుకు ఒక కారణం.

ఈ అమ్మాయికి అప్పుడు 21 ఏళ్లు. కుడిచేతి వాటం, రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్, అంటే ఎడమవైపు వచ్చే బంతిని రాకెట్టును రెండు చేతులా పట్టుకుని కొడుతుంది. తల్లి ఇంట్లోనే మగ్గం మీద పట్టుచీరలు నేస్తుంది, తండ్రిది చిన్న ప్రైవేటు ఉద్యోగం. ఇంట్లో తెలుగు, కోర్టులో కోచ్‌తో ఒడియా. తొమ్మిదో ఏట రాకెట్టు పట్టి, జూనియర్ పోటీలు దాటి, అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నడిపే డబ్ల్యూ15 టోర్నమెంట్లలో రెండేళ్లుగా ఆడుతోంది. ఆ పేరులోని 15 అంటే టోర్నమెంటు మొత్తం బహుమతి 15,000 డాలర్లని అర్థం. సింగిల్స్, డబుల్స్ ఆడినవాళ్లందరికీ అది పంచితే మొదటి రౌండ్లో ఓడినవారి చేతికొచ్చేది ప్రయాణానికీ గదికీ రాకెట్టు తీగలకూ చాలదు. అందుకని ఈ స్థాయిలో ఆడేవాళ్లు డబ్బు కంటే పాయింట్లనే లెక్కపెట్టుకుంటారు.

ఆ పాయింట్లకు 52 వారాలే ఆయుష్షు. ఈ వారం సంపాదించినవి వచ్చే ఏడాది ఇదే వారానికి రాలిపోతాయి. ఆలోగా వాటికి సరిపడా మళ్లీ గెలిస్తే ర్యాంకు నిలుస్తుంది, లేకపోతే జారుతుంది. ర్యాంకు జారితే నేరుగా ప్రధాన డ్రాలో, అంటే అసలు పోటీ జాబితాలో, చోటు దొరకదు, క్వాలిఫైయింగ్ అనే అర్హత మ్యాచ్‌లు ఆడుకుంటూ రావాలి, అంటే అదే టోర్నమెంటులో రెండు మూడు మ్యాచ్‌లు ఎక్కువ, అదే మణికట్టు మీద వందలకొద్దీ దెబ్బలు ఎక్కువ. వైద్యం చేసేవాడికి ఈ లెక్కలన్నీ ఎందుకని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది.

వచ్చిన సమస్య

ఎడమ మణికట్టుకు చిటికెన వేలి వైపు నొప్పి, ఐదు వారాలుగా. కుడిచేత్తో ఆడే అమ్మాయికి ఎడమచేయి ఎందుకు నొప్పి పెడుతుందని చుట్టాలంతా అడిగారట, ఎక్కడో పడి ఉంటుందని కూడా అనుకున్నారట. ఆమె పడలేదు. కుడిచేతి వాటం ఆటగాళ్లు రెండు చేతులతో బ్యాక్‌హ్యాండ్ కొట్టేటప్పుడు బంతికి వేగాన్నీ తిప్పునూ ఇచ్చేది చాలావరకు పైనున్న ఎడమచేయే. కుడిచేయి కింద పట్టుకుని దారి చూపిస్తుంది. రాకెట్టు తల కిందికి వాల్చి బంతిని కింది నుంచి పైకి తీసేటప్పుడు ఎడమ మణికట్టు చిటికెన వేలి వైపు బాగా వంగుతుంది. నొప్పి సరిగ్గా ఆ క్షణంలోనే, అందులోనూ సర్వ్‌ను తిప్పికొట్టేటప్పుడు, బంతి ఒంటికి దూరంగా పడినప్పుడు ఎక్కువగా వస్తోందని ఆమె చెప్పింది.

నొప్పి మొదలవడానికి మూడు నెలల ముందు రెండు మార్పులు జరిగాయి. బంతికి పైతిప్పు పెంచడం కోసం కోచ్ ఎడమచేతి పట్టును కొద్దిగా మార్చాడు. అదే నెలలో రాకెట్టుకు మెత్తని తీగలు తీసేసి మొత్తం పాలియెస్టర్ తీగలు, 55 పౌండ్ల బిగింపుతో వేయించుకుంది. ఈ రెండూ నా కాగితం మీద రాసుకున్నాను. రాసుకున్నానే గానీ వాటి గురించి ఆలోచించలేదు.

మొదటి పరీక్ష, మొదటి వైద్యం

ఎక్స్‌రేలో ఎముకలన్నీ బాగానే ఉన్నాయి. ఆమె చేతిని బల్ల మీద అరచేయి కిందికి ఉండేలా పెట్టించి, మణికట్టు కీలును చిటికెన వేలి వైపు నొక్కి చూస్తే నొప్పి వచ్చింది. అక్కడ ఎముకల మధ్య దిండులా ఉండే మృదులాస్థి బిళ్ల నలిగి ఉంటుందని నిర్ణయించుకున్నాను. అది తెలివితక్కువ ఊహేమీ కాదు, ఆ చోట నొప్పికి అది మామూలు కారణాల్లో ఒకటి. అయితే ఒక ఊహ కుదిరినట్టు కనిపించగానే రెండో దానిని వెతకడం మానేశాను.

మూడు వారాలు రాకెట్టు పట్టవద్దన్నాను. టేపు, ఐసు, తరువాత రబ్బరు పట్టీతో తేలికపాటి వ్యాయామాలు ఇచ్చాను. పదికి ఏడున్న నొప్పి రెండుకు దిగింది. ఇంకో మూడు వారాలు ఆగితే బాగుంటుందని నాకు అనిపించింది గానీ గట్టిగా చెప్పలేకపోయాను. తండ్రి ఫోనులో ఒక పట్టిక తెరిచి చూపించాడు: పోయిన ఏడాది సెమీఫైనల్ దాకా వెళ్లి సంపాదించిన పాయింట్లు ఇంకో నాలుగు వారాల్లో రాలిపోతాయి.

“ఇప్పుడు రెండు టోర్నమెంట్లు ఆడకపోతే మళ్లీ క్వాలిఫైయింగ్ నుంచి మొదలెట్టాల సార్. నొప్పి తగ్గిపోనాదంటంది కదా.”

నొప్పి తగ్గిన మాట నిజమే. మూడు వారాలుగా రెండు చేతులతో ఒక్క బంతి కూడా కొట్టని చేతికి నొప్పి తగ్గడంలో వింతేమీ లేదని, ఆ రెండన్న అంకె విశ్రాంతి గురించి చెబుతోందే తప్ప టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు) గురించి ఏమీ చెప్పడం లేదని నేను ఆ పూట ఆయనకు చెప్పి ఉండవలసింది. టేపు ఎలా చుట్టుకోవాలో నేర్పించి పంపాను.

మొదటి మ్యాచ్ గెలిచింది. రెండో మ్యాచ్ రెండో సెట్లో ఒక సర్వ్‌ను తిప్పికొడుతుండగా మణికట్టులో టక్కుమన్నది. చప్పుడు తనకు వినిపించిందని కూడా చెప్పింది. మధ్యలోనే తప్పుకుంది.

రెండోసారి తప్పిన దారి

ఆ తరువాత వాళ్లు నా దగ్గరకు రాలేదు. వేరే ఊళ్లో ఒకచోట చూపించుకుంటే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. పది రోజులు నొప్పి అన్నదే లేదు. పన్నెండో రోజున ఆమె మళ్లీ కోర్టులో ఉంది, మూడో వారానికి చెంచాతో అన్నం కలపడానికి కూడా ఎడమచెయ్యి ఆసరా ఇవ్వలేని స్థితిలో నా ముందు కూర్చుంది. ఈలోగా ఆ సెమీఫైనల్ పాయింట్లు రాలనే రాలాయి.

ఇంజెక్షన్ ఇచ్చినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. టెండన్ చుట్టూ ఉండే తొడుగు వాచినప్పుడు అది పనికొచ్చే మందే. కానీ టెండన్ తన చోటి నుంచి పక్కకు జారుతున్నప్పుడు నొప్పి ఒక్కటే ఆటగాడిని ఆపే కాపలాదారు; ఆ కాపలాదారును నిద్రపుచ్చి ఆడనిస్తే తెగవలసినది ఇంకొంచెం తెగుతుంది. ఆ మందు టెండన్‌ను బలహీనపరిచే ప్రమాదమూ ఉంది. ఇక్కడ జరిగింది ఆ రెండిట్లో ఏదో విడదీసి చెప్పలేను.

నేను చూడనిది

ఈసారి చేతిని బల్ల మీద పెట్టించలేదు. రాకెట్టు తెప్పించి, గదిలో నిలబెట్టి, బ్యాక్‌హ్యాండ్ నెమ్మదిగా ఊపమన్నాను. నొప్పి వచ్చే చోట ఆగమని, ఆ భంగిమలో చేయి ఎలా ఉందో చూశాను. అరచేయి పైవైపు తిరిగి ఉంది, మణికట్టు చిటికెన వేలి వైపు వంగి ఉంది. నేను మొదటిసారి పరీక్షించిన భంగిమకు ఇది పూర్తిగా తలకిందులు.

మోచేయి వంచి, అరచేయి పైకి తిప్పించి, మణికట్టును చిటికెన వేలి వైపు గట్టిగా వంచమని ఒక చేత్తో అడ్డుపెట్టి, రెండో చేతి చూపుడువేలు ముంజేతి ఎముక చివర గాడి మీద ఆనించాను. వేలి కింద టెండన్ గాడిలోంచి లేచి పక్కకు జరిగింది. అరచేయి కిందికి తిప్పగానే చప్పున వెనక్కి వెళ్లి కూర్చుంది. మళ్లీ తిప్పిస్తే మళ్లీ జారింది. ఆమె తన వేలు కూడా అక్కడే పెట్టి చూసుకుని, ఏమీ మాట్లాడకుండా చేయి వెనక్కి తీసుకుంది.

ఆ టెండన్ పేరు ఎక్స్‌టెన్సర్ కార్పై అల్నారిస్. అల్నా, అంటే ముంజేతిలో చిటికెన వేలి వైపున్న ఎముక, చివర ఒక చిన్న గాడిలో, పలచని తొడుగు పట్టి ఉంచగా ఉంటుంది. అరచేయి కిందికి ఉన్నప్పుడు అది గాడిలో తిన్నగా పడుకుంటుంది. అరచేయి పైకి తిరిగి మణికట్టు వంగినప్పుడు దారి వంకర తిరిగి, తొడుగును పక్కకు తోస్తుంది. తొడుగు చిరిగితే టెండన్ జారుతుంది. అంటే నేను మొదట పరీక్షించినది ఆ టెండన్ అత్యంత బుద్ధిగా ఉండే భంగిమలో. ఎమ్మారై చాలాసార్లు చేయి కదలకుండా, అరచేయి కిందికి పెట్టి తీస్తారు కాబట్టి అందులోనూ ఇది తప్పించుకోవచ్చు. అందుకని కదలికలో తీసే అల్ట్రాసౌండ్ కావాలని రాసి, సుమారు 170 కిలోమీటర్ల దూరంలో ఉన్న భువనేశ్వర్ పంపాను. తొడుగు కొంతమేర చిరిగిందని, టెండన్ సగం దాకా గాడి దాటి మళ్లీ వెనక్కి వస్తోందని, టెండన్ మాత్రం తెగలేదని తేలింది.

మూడున్నర నెలలకు తీసుకున్న నిర్ణయం

దారులు రెండు. తొడుగును ఆపరేషన్‌తో బాగుచేయడం ఒకటి. మోచేయి పైదాకా కట్టు వేసి, అరచేయి కిందికి, మణికట్టు కొద్దిగా వెనక్కి, బొటనవేలి వైపు వాలి ఉండేలా ఆరు వారాలు కదలకుండా ఉంచి తొడుగును దానంతట దానినే అతుక్కోనివ్వడం రెండోది. గాయం తాజాగా ఉంటే రెండోది మంచి ఫలితమే ఇస్తుంది, పాతబడినకొద్దీ ఆ నమ్మకం తగ్గుతుంది. మూడున్నర నెలలంటే తాజా కాదు. అయినా టెండన్ పూర్తిగా బయటికి రావడం లేదు, తెగలేదు, సరైన భంగిమలో ఒక్కసారి కూడా దానికి విశ్రాంతి ఇచ్చి చూడలేదు. ఆరు వారాల తరువాత కూడా జారుతుంటే ఆపరేషన్ చేసుకోవచ్చు, ఆలోగా పోయేదేమీ లేదని ఎముకల సర్జన్ అన్నారు. పోయేది ఉందని తండ్రికి తెలుసు. ఇంకో రెండు టోర్నమెంట్ల పాయింట్లు ఆ ఆరు వారాల్లోనే రాలిపోతాయి.

ఈసారి ఆ పట్టికను నేనే అడిగి తెరిపించాను. ముగ్గురం కూర్చుని, కట్టు వేస్తే ఏ వారానికి ఎన్ని పాయింట్లు మిగులుతాయో, వేయకుండా ఆడి మళ్లీ మధ్యలో తప్పుకుంటే ఎన్ని మిగులుతాయో రెండు వరసల్లో రాశాం. ఆరు నెలలకు తగ్గకుండా ఆటకు దూరంగా ఉన్నవారికి పాత ర్యాంకుతో కొన్ని టోర్నమెంట్లలో ప్రవేశం ఇచ్చే వెసులుబాటు పురుషుల టూర్‌లోనూ మహిళల టూర్‌లోనూ ఉంది. కానీ అది ప్రవేశానికే గానీ రాలే పాయింట్లను ఆపదు, పైగా మధ్యలో ఒక్క టోర్నమెంటు ఆడినా లెక్క మొదటికొస్తుంది. తొందరపడి ఆడిన రెండుసార్లూ ఆ గడియారాన్ని మేమే వెనక్కి తిప్పాం. రెండు వరసలు పక్కపక్కన చూస్తే తేడా చాలా స్వల్పం: ఆడినా ఆడకపోయినా సంవత్సరాంతానికి ఆమె ఇంచుమించు ఒకే చోట ఉంటుంది. అది చూశాక ఆమే అంది, “అయితే వదిలేద్దాం నాన్నా.”

తండ్రి వెంటనే ఒప్పుకోలేదు. సానియా మీర్జా పేరు ఎత్తాడు. 2008లో మణికట్టు నొప్పితోనే బీజింగ్ ఒలింపిక్స్ తొలి మ్యాచ్ మధ్యలో తప్పుకున్న ఆమె 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ ఒకటో ర్యాంకుకు చేరింది కదా, పట్టుదల ఉంటే మణికట్టు అడ్డమా అని ఆయన వాదన. ఈ పెద్ద పేర్లను ఇంట్లోవాళ్లు ధైర్యం కోసం చెప్పుకుంటారు, తప్పులేదు. కానీ మధ్యలో ఉన్న ఏడేళ్లను మింగేసి చెబుతారు. ఆ ఏడేళ్లలో సానియా సింగిల్స్ విడిచిపెట్టి డబుల్స్ ఎంచుకుంది, అంటే ఏది వదులుకోవాలో నిర్ణయించుకుంది. నేను ఆయనతో అన్నది ఇంతే.

కట్టు కాలం

కట్టు వేసిన మూడో వారం నుంచి ఆమెను కోర్టుకు పంపాను. ఆస్ట్రియా ఆటగాడు థామస్ మస్టర్ 1989లో కారు ప్రమాదంలో మోకాలి లిగమెంట్లు తెగినప్పుడు, కాలికి కట్టుతోనే ప్రత్యేకంగా చేయించిన కుర్చీలో కూర్చుని బంతులు కొట్టిన సంగతి టెన్నిస్ చూసేవారికి తెలిసిందే. 1995లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి, మరుసటి ఏడాది ఒకటో ర్యాంకు అందుకున్నాడు. దానిని అందరూ మొండితనానికి ఉదాహరణగా చెబుతారు. నాకు అందులో కనిపించేది లెక్క: గాయపడిన కాలికి ఒక్క గ్రాము భారం పడనివ్వకుండా, బాగున్న ఒళ్లంతటికీ పని చెప్పాడు. మా అమ్మాయికి కాళ్లు బాగున్నాయి, కుడిచేయి బాగుంది. కోచ్ చేత్తో అందించిన బంతులకు కుడివైపు కొట్టే ఫోర్‌హ్యాండ్లు, కుడిచేత్తో మాత్రమే, బంతిని కింది తిప్పుతో కోసినట్టు కొట్టే స్లైస్ బ్యాక్‌హ్యాండ్లు. సర్వ్ వద్దన్నాను, బంతి ఎగరేయడానికి ఎడమచేయి కావాలి. జూన్ ఉక్కలో కట్టులోపల చెమట పట్టి దురద పుట్టి ఆమె పడిన బాధ ఇక్కడ రాయడం లేదు గానీ, కట్టు మధ్యలో ఒకసారి మార్పించాం.

ఆరు వారాలకు కట్టు తీసి అదే భంగిమలో వేలు పెట్టి చూశాను. టెండన్ గాడి అంచుదాకా వచ్చి ఆగింది. దాటలేదు. ఇంకో నాలుగు వారాలు తీసి పెట్టుకునే పట్టీ, మెల్లగా కదలిక, తరువాత బలం. పిడికిలి బలం కుడిచేతికి 34 కిలోలు ఉండగా ఎడమచేతికి 19 చూపించింది. గాయానికి ముందు ఎడమచేతికి ఎంత ఉండేదో ఎవరికీ తెలియదు, ఎవరూ కొలవలేదు. ఇప్పుడు నా దగ్గరకు వచ్చే ప్రతి ఆటగాడికీ, మోకాలి నొప్పితో వచ్చినా సరే, రెండు చేతుల పిడికిలి బలం కొలిచి రాసిపెడుతున్నాను.

ఎర్ర బంతి, చింతపిక్కలు

ఎడమచేతి బలం 29 కిలోలకు చేరాక రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ మొదలుపెట్టాం. ఇక్కడ నేను పట్టుబట్టింది బంతి విషయంలో. చిన్నపిల్లలకు టెన్నిస్ నేర్పే బంతులు మూడు రకాలు: మామూలు బంతి కంటే సుమారు 75 శాతం నెమ్మదిగా వెళ్లే ఎర్రది, 50 శాతం నెమ్మదిగా వెళ్లే నారింజ రంగుది, 25 శాతం నెమ్మదిగా వెళ్లే ఆకుపచ్చది. మణికట్టుకు భారాన్ని మెట్లు మెట్లుగా పెంచడానికి ఇంతకంటే చవకైన సాధనం నాకు కనిపించలేదు. ఆమెకు మాత్రం అది తలకొట్టేసినట్టు అయింది. పక్క కోర్టులో ఎనిమిదేళ్ల పిల్లలు అవే బంతులతో ఆడుతుంటే, “అందరూ చూస్తున్నారు సార్” అంది. ఉదయం ఐదున్నరకు, పిల్లలు రాకముందే ఆడుకోమన్నాను. వాదించి గెలవగలిగిన విషయం కాదది.

మొదటి రోజు ఎర్ర బంతితో ముప్ఫై. రోజు విడిచి రోజు. మర్నాడు పొద్దున్న లేచేసరికి నొప్పి పదికి రెండు దాటితే తరువాతి పూట సంఖ్య పెంచకూడదు, మూడు దాటితే తగ్గించాలి. ఆడుతున్నప్పటి నొప్పి కంటే మర్నాటి నొప్పినే ఎందుకు నమ్మానంటే, ఒళ్లు వేడెక్కి ఉన్నప్పుడు టెండన్ చెప్పేది పూర్తిగా నిజం కాదు. తీగలు కూడా మార్పించాను: సగం పాలియెస్టర్, సగం మెత్తని తీగ, బిగింపు 48 పౌండ్లు.

మూడో వారంలో, లెక్క 70 దగ్గర ఉండగా, పొద్దున నొప్పి నాలుగుకు ఎక్కింది. రెండు రోజులు ఆపి మళ్లీ మొదలుపెడితే మళ్లీ నాలుగు. కోచ్ తన పుస్తకం చూపించాడు, ఎక్కడా 70 దాటలేదు. టెండన్ మళ్లీ జారుతోందేమోనని నాకు గుబులు పట్టింది. చూస్తే జారడం లేదు.

అప్పుడు ఇంకొకరి చేత లెక్కపెట్టించాలని అనిపించింది. ఉదయం కూతురితో కోర్టుకు వచ్చే తల్లికి ఆ పని అప్పగించాం. ఆవిడకు ఫోర్‌హ్యాండ్ ఏదో బ్యాక్‌హ్యాండ్ ఏదో తెలియదు. రెండు చేతులతో ఊపినప్పుడల్లా డబ్బాలో ఒక చింతపిక్క వేయమన్నాను. చీర అంచుకు పోగులు ఎంచే మనిషికి వందలు లెక్కపెట్టడం కష్టమేమీ కాదు. ఆ రోజు కోచ్ పుస్తకంలో 68 ఉంది. డబ్బాలో 121 పిక్కలు ఉన్నాయి.

ఎక్కడో పొరబడిందని కోచ్ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

“బాబూ, నాకా ఆట తెలీదు. రెండు సేతులు తిరిగితే పిక్క ఏసీమన్నారు, ఏసీసినాను. బంతి ఒచ్చిందా నేదా నాకెందుకు, సెయ్యి తిరిగింది కదా.”

మర్నాడు నేనే వెళ్లి కూర్చున్నాను. ఆమె ఒక బంతి కొట్టాక, కోచ్ తరువాతి బంతి అందించేలోగా, బంతి లేకుండా ఒకసారీ రెండుసార్లూ రాకెట్టు గాలిలో ఊపుకుంటోంది. తప్పు కొట్టిన ప్రతిసారీ ఇంకా గట్టిగా, పూర్తి వేగంతో ఊపుతోంది. చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు, తనకు తెలియను కూడా తెలియదు. ఆ ఊపులో బంతి బరువు లేదు నిజమే, కానీ టెండన్‌ను గాడి అంచుకు తోసేది బంతి కాదు, అరచేయి పైకి తిరిగి మణికట్టు వంగే ఆ కదలిక. మేం 70 అనుకున్నది 120. అంతే కాదు, ఆమె బాగా ఆడని రోజున ఖాళీ ఊపులు పెరుగుతాయి కాబట్టి, చెడ్డ రోజునే మణికట్టు మీద భారం ఎక్కువ పడుతోంది. ఇది ఏ పరికరమూ నాకు చెప్పలేదు.

అప్పటి నుంచి పిక్కల లెక్కే అసలు లెక్క. పిక్కలు 70కి కుదించాం, అంటే బంతులు దాదాపు సగమయ్యాయి. రెండు వారాల్లో పొద్దుటి నొప్పి ఒకటికి దిగింది. అక్కడి నుంచి వారానికి పదో వంతు చొప్పున పెంచుకుంటూ, ఎరుపు నుంచి నారింజకు, ఆకుపచ్చకు, చివరికి మామూలు బంతికి వచ్చాం. వానల రోజుల్లో ఇంకొక చిక్కు. నియమం ప్రకారం టెన్నిస్ బంతి 56 నుంచి 59.4 గ్రాముల మధ్య ఉండాలి. తడి కోర్టు మీద దొర్లిన బంతిని వెండి తూచే కాటా మీద పెట్టిస్తే 66 గ్రాములు తూగింది. సెప్టెంబరు నెలంతా వాన పడిన మర్నాడు బ్యాక్‌హ్యాండ్ లేదు.

ఎడమచేతి పట్టు గురించి కోచ్‌తో నాకు కుదరలేదు. పాత పట్టుకు తిరిగి వెళ్లమన్నాను. పాత పట్టుతో ఆమె బంతి తేలికగా ఉంటుంది, ఈ స్థాయిలో పనికిరాదని ఆయన అన్నాడు. ఆయన చెప్పిందీ సబబే. చివరికి పట్టు ఉంచి, దెబ్బల సంఖ్య తగ్గించే దారి పట్టాం: కిందికి, దూరంగా పడే బంతులన్నీ కట్టు కాలంలో నేర్చుకున్న ఒంటిచేతి స్లైస్‌తోనే ఆడడం. 2009 యూఎస్ ఓపెన్ విజేత హువాన్ మార్టిన్ దెల్ పోత్రో ఎడమ మణికట్టు ఆపరేషన్ల తరువాత 2016 ఫిబ్రవరిలో 1,045వ ర్యాంకుతో తిరిగొచ్చి, రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌ను చాలావరకు స్లైస్‌తో కాపాడుకుంటూనే అదే ఏడాది రియో ఒలింపిక్స్‌లో జొకోవిచ్‌ను, నాదల్‌ను ఓడించి రజతం గెలిచాడు. ఈ కథ నేను చెప్పలేదు, కోచే చెప్పాడు. నన్ను ఒప్పించడానికి.

తిరిగి పోటీలోకి

నొప్పి మొదలైన పది నెలలకు ఆమె క్వాలిఫైయింగ్‌లో దిగి మొదటి రౌండ్లోనే ఓడింది. మర్నాడు పొద్దున ఏడింటికి వచ్చిన ఫోనులో ఓటమి మాట రాలేదు, “ఒకటి సార్” అని మాత్రం అంది. ఆ తరువాతి నాలుగు టోర్నమెంట్లలో రెండుసార్లు ప్రధాన డ్రాకు చేరింది, ఒకసారి క్వార్టర్‌ఫైనల్ ఆడింది. పాత ర్యాంకు ఇంకా రాలేదు. వరసగా రెండు వారాలకు మించి ఆడకూడదన్న కట్టడి పెట్టుకున్నాం. తండ్రికి అది ఇప్పటికీ రుచించదు.

నా పద్ధతిలో మారినవి కొన్ని ఉన్నాయి. మణికట్టు నొప్పితో వచ్చినవారిని, టెన్నిస్ ఆడినా మగ్గం నేసినా, నొప్పి వచ్చే పనిని నా ఎదుట చేయించకుండా బల్ల మీద పరీక్షించను. ఏ మార్పు ఎప్పుడు జరిగిందో రాసుకుని వదిలేయకుండా, ఆ మార్పు ఏ కీలు మీద ఏ వైపు భారం వేస్తుందో పక్కనే ఒక వాక్యం రాస్తాను. ఆటగాడి పాయింట్ల పట్టికను మొదటి రోజే అడిగి చూస్తాను, ఎందుకంటే అది ఎలాగూ గదిలో ఉంటుంది; నేను చూడకపోతే నా వెనక నుంచి నిర్ణయాలు తీసుకుంటుంది. మొదటిసారే అరచేయి పైకి తిప్పించి ఉంటే తొడుగు ఇంకా చిన్న చిరుగుగా ఉన్నప్పుడే కట్టు పడేదా అన్న ప్రశ్న నన్ను వదలలేదు. పడేదనే అనుకుంటున్నాను.

ఏడాదిన్నర దాటింది. అరచేయి పైకి తిప్పి వంచితే టెండన్ ఇప్పటికీ చిన్నగా కదులుతుంది, నొప్పి లేదు. పోయిన వారం ఆమె ఫోన్ చేసి, కుడి మోచేయి బయటివైపు సన్నగా లాగుతోందని చెప్పింది. ఎడమచేతి నుంచి తీసిన దెబ్బలన్నీ ఒంటిచేతి స్లైస్‌గా కుడిచేతికే వెళ్లాయి, వాటిని ఇంతవరకు మాలో ఎవరూ లెక్కపెట్టలేదు. సోమవారం రమ్మన్నాను. రాకెట్టుతో పాటు అమ్మను, ఆ డబ్బాను కూడా తీసుకురమ్మన్నాను.